మాత్రకు లేని మీటరు

తప్పుదోవ పట్టించే మందుల ప్రకటనల కేసును సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న మూసేసింది. కేంద్రం ఎత్తేసిన నిబంధనకు తాము మళ్లీ ప్రాణం పోయలేమంది. దాంతో 170వ నిబంధన కథ ముగిసింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలని 2018లో పెట్టిందీ కేంద్రమే, 2024 జూలై 1న తీసేసిందీ కేంద్రమే. ఇక మీదట కొలెస్ట్రాల్ కరిగిస్తామని చాటుకోవాలంటే ముందుగా ఎవరినీ అడగక్కర్లేదు.

సంతోషం. ఆదోని, ఎమ్మిగనూరు జనానిది ఒకటే విన్నపం. ఈ స్వేచ్ఛ మాత్రలకేనా? మా పత్తికీ, మా మగ్గానికీ ఇవ్వరా?

ఇప్పుడు రైతు పత్తి తెస్తే, దాన్ని కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ బయ్యరు తేమ మీటరు పెడతాడు. 8 శాతం దాటితే ధరలో కోత. 12 దాటితే బండి వెనక్కి. రేపటి నుంచి మా రైతు బోరేనికో చీటీ అంటిస్తాడు: ‘ఇది పత్తి కాదు. పత్తి ఆరోగ్యానికి తోడ్పడు సహజ పదార్థం. నూలు వడుకుటకు ఉద్దేశించినది కాదు.’ తప్పేముంది? విటమిన్ డబ్బా మీద ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రాయించే మాటా అదే కదా, మందుగా వాడుటకు కాదని! ఆ అక్షరాలు కంటికి ఆనవు. ముందువైపు గుండె బొమ్మ మాత్రం అరచేయంత.

బయ్యరు మీటరు తీశాడా, ‘సామీ, ఇది మీటరుకు అందే సరుకు కాదు, మూడు నెలలు వాడి చూడు’ అంటాడు రైతు. మూడు నెలలకు బూజు పడితే? ‘నీ గోదాము తత్వం అట్లాంటిది, ఇంకో మూడు నెలలు వాడు.’

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. పాపం, బట్ట అమ్మాలంటే బట్ట నేయాలనుకున్న కాలం అది. ఇప్పుడు ఖాళీ సంచి మీద ‘చలి నిర్వహణకు సహాయకారి, ఫలితాలు మనిషి మనిషికీ మారవచ్చు’ అని అచ్చేస్తే చాలు. ఎవరైనా ఆపమంటే కాస్త ఓపిక పట్టాలి. 2022 నవంబరులో ఉత్తరాఖండ్ అధికారులు దివ్య ఫార్మసీ వారి కొలెస్ట్రాల్ మాత్ర లిపిడమ్‌తో కలిపి ఐదు మందుల తయారీ ఆపమన్నారు. రోజుల్లోనే, అబ్బే, పొరపాటున ఆపమన్నామన్నారు. మా మగ్గాలకూ అట్లాంటి పొరపాటు చేసే అధికారిని ఒకరిని పంపండి.

పరీక్షలకు మాత్రం ఒప్పుకోం. 2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరీక్ష పెట్టి ఏం మూటగట్టుకుంది? చేపనూనె, పసుపు, వెల్లుల్లి, దాల్చినచెక్క వంటి ఆరు రకాల సప్లిమెంట్లను 28 రోజులు మింగించింది. ఒక్కటీ ఉత్తుత్తి మాత్రను మించి చెడు కొలెస్ట్రాల్ తగ్గించలేదు. వెల్లుల్లి మింగినవాళ్లకు పెరిగింది కూడా. 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ (డాక్టర్లు రాసే స్టాటిన్ మందు) దాదాపు 38 శాతం దించింది. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది స్టాటిన్ కంపెనీయే అంటారా? నిజమే. డబ్బాల వాళ్లు తమ డబ్బుతో ఇంకోటి పెట్టి చూపించొచ్చుగా! నియాసిన్ అనే బి3 విటమిన్ కొలెస్ట్రాల్‌ను నిజంగానే దించుతుంది, గ్రాముల లెక్కన మింగితే. స్టాటిన్‌కు తోడుగా 25 వేల మందికి పైగా జనం మీద చూస్తే గుండెపోట్లు తగ్గలేదు, షుగరూ రక్తస్రావమూ పెరిగాయని 2014లో తేలింది. చూశారా, మీటరు పెడితే వచ్చే తంటా ఇదే.

ఎగతాళి చాలు. మిల్లు నష్టపోకూడదని పత్తికి మీటరు పెట్టారు. మనిషి గుండెకు ఆపాటి విలువ లేదా? కొలెస్ట్రాల్ నొప్పి పెట్టదు. డాక్టరు రాసిన స్టాటిన్ మానేసి డబ్బా పట్టుకున్న హమాలీకి, నేతగాడికి మోసం తెలిసేది గుండె పట్టేసిన రాత్రే. అప్పుడు ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు పోవాలి. మందు పడక ఒళ్లు నొప్పులొస్తే డాక్టరు మోతాదు మారుస్తాడు, మందు మారుస్తాడు. జనఔషధి దుకాణంలో చౌకగా దొరికే మాత్ర అది. దాన్ని మాన్పించి వందల రూపాయల డబ్బా అంటగట్టేవాణ్ణి, రుజువు చూపించాకే నోరు తెరువు అనడానికి ఉన్న ఒక్క నిబంధననూ చేజేతులా తీసేశారు. ఎవరి మేలు కోసం? తిరిగి పెట్టండి. విటమిన్ డబ్బాలనూ దాని కిందికే తెండి. చేతకాదంటే, మీరు వదిలేసిన ప్రకటనను నమ్మి ఇంటి పెద్దను పోగొట్టుకున్న గడపకు వచ్చి ఆ మాట మీ నోటితోనే చెప్పండి.