మౌత్‌పీస్ మీమాంస

ప్రతి శాస్త్రానికీ నాలుగు అనుబంధాలు ఉండాలన్నారు పెద్దలు. ఆ లోటు మాకెందుకని ముందే చెప్పేస్తున్నాం. విషయం: ట్రంపెట్ మౌత్‌పీసులో గాలి ధారాళంగా సాగడం. ప్రయోజనం: హై నోట్లు ఆయాసం లేకుండా పలకడం. సంబంధం: ఆ రెండింటికీ ఉందో లేదో తేలాలి, అందుకే ఈ గ్రంథం. అధికారి, అనగా చదవడానికి అర్హుడు: బిగ్ బ్యాండులో లీడ్ ట్రంపెట్ వాయించేవాడు.

అధికారి లక్షణం

మామూలుగా పదిహేడుమంది ఉండే బ్యాండులో ట్రంపెట్లు నాలుగు. వాటిలో మొదటి భాగం వాయించేవాడు లీడ్. అతను నొక్కిన చోట బ్యాండంతా నొక్కాలి, వదిలిన చోట వదలాలి. రాత్రంతా అతని కాపురం హై సీ దగ్గరే. మూడో ట్రంపెట్ తప్పు వాయిస్తే పక్క కుర్చీకి తెలుస్తుంది. లీడ్ తప్పు వాయిస్తే వీధిలో పోయేవాడికి తెలుస్తుంది. ఇంత బరువు మోసేవాడికి ఒక జబ్బు తప్పదు. కచేరీ చివరికొచ్చేసరికి ‘గాలి పోవడం లేదు’ అంటాడు. పెదవి అలిసిందని మాత్రం అనడు. పెదవి పుట్టుకతో వచ్చింది, మౌత్‌పీసు డబ్బు పెట్టి కొన్నది. నేరం ఎప్పుడూ కొన్నదానిదే.

పదార్థ ప్రకరణం

మౌత్‌పీసనగా సుమారు తొమ్మిది సెంటీమీటర్ల ఇత్తడి వస్తువు. పెదవి ఆనే అంచు రిమ్. లోపలి గుంట కప్పు. కప్పు అడుగున ఉండే సన్నటి బెజ్జం గొంతు. గొంతు దాటాక మెల్లగా వెడల్పయ్యే దారి బ్యాక్‌బోర్. ట్రంపెట్‌లో దూరే తోక షాంక్. ఈ అయిదింటిలో గొంతు మీద జరిగినంత వాదం మిగతా వాటి మీద జరగలేదు. కారణం సులభం: డ్రిల్లు ఉన్న ప్రతివాడికీ అందేది అదొక్కటే.

సంఖ్యా ప్రకరణం

ఇక్కడ రెండు మతాలు. మొదటిది బాక్ మతం. దీని ప్రవర్తకుడు విన్సెంట్ బాక్, ఆస్ట్రియాలో పుట్టిన ట్రంపెట్ విద్వాంసుడు, చదివింది ఇంజనీరింగు. న్యూయార్క్‌లో 1918లో మౌత్‌పీసుల తయారీ మొదలుపెట్టాడు. ఆయన లెక్కలో అంకె పెరిగితే కప్పు వెడల్పు తగ్గుతుంది. ‘ఏ’ అంటే బాగా లోతు, అక్షరం ముందుకు పోయేకొద్దీ లోతు తక్కువ. రెండోది షిల్కే మతం. చికాగో సింఫనీలో ట్రంపెట్ వాయించిన రెనాల్డ్ షిల్కే దీని ప్రవర్తకుడు. ఇందులో అంకె పెరిగితే వెడల్పూ పెరుగుతుంది, ‘ఏ’ అంటే లోతు తక్కువ. అంటే ఒక మతంలో పాతాళమైనది రెండో మతంలో పళ్ళెం. గొంతు కొలత ఈ రెండింటికీ అతీతం, అది డ్రిల్లు నంబరుతో నడుస్తుంది. బాక్ మౌత్‌పీసుల్లో మామూలుగా ఉండేది 27, అంటే 3.66 మిల్లీమీటర్లు. బెజ్జం పెద్దది కావాలంటే 26కో 25కో దిగాలి. ఇలా ఎక్కడం దిగడమయ్యే లోకంలో నివసించేవాడికి ఊపిరాడక పోవడంలో ఆశ్చర్యం లేదు.

పూర్వపక్షం

‘బెజ్జం పెద్దదైతే గాలి ఎక్కువ పోతుంది, గాలి ఎక్కువ పోతే నోటు పైకి పోతుంది’ అని పూర్వపక్షి. ఇతను 27ని 26 చేయిస్తాడు. వ్యాసంలో పెరిగింది మిల్లీమీటరులో పదమూడో వంతు, దారి వైశాల్యంలో నూటికి నాలుగు. మొదటి సాయంత్రం ‘ఆహా’ అంటాడు. తర్వాత 24 దాకా పోతాడు. ఇప్పుడు వైశాల్యం నూటికి పదకొండు పెరిగింది. ఇంట్లో నాలుగు నోట్లూ గంటల్లా మోగాయి. రిహార్సల్లో అరగంటకే పెదవి చేతులెత్తేసింది, పై నోట్లు గూటిలో కూర్చోకుండా అటూ ఇటూ జారాయి. వాస్తు కోసం గోడ పగలగొట్టినవాడు మళ్ళీ కట్టుకోవచ్చు. ఇత్తడిలో తొలిచిన బెజ్జం పూడదు.

సిద్ధాంతం

సూత్రం: *అడ్డు పోదు, చోటు మారుతుంది.*

వ్యాఖ్య: ట్రంపెట్ గాలి తోడే పంపు కాదు. పెదవులు తెరుచుకుంటూ మూసుకుంటూ కొట్టుకుంటే గొట్టంలోని గాలిలో తరంగం నిలుస్తుంది. హై సీ పలికేటప్పుడు పెదవులు సెకనుకు సుమారు 930 సార్లు కొట్టుకుంటాయి. అంత పైన కావలసింది గాలి ఒత్తిడి, పరిమాణం కాదు. నిజానికి పై నోటుకు ఖర్చయ్యే గాలి కింది నోటుకన్నా తక్కువే. మౌత్‌పీసు పని ఆ తరంగానికి దన్నివ్వడం. కప్పూ గొంతూ కలిసి తమదైన ఒక స్వరం ఉన్న గది అవుతాయి. నమ్మనివాడు విడి మౌత్‌పీసు అంచును అరచేత్తో చరిచి వినవచ్చు: ‘టప్’మని అదే పలుకుతుంది. గొంతు మరీ విప్పితే ఆ దన్ను పలచబడుతుంది. అప్పటిదాకా ఇత్తడి మోసిన అడ్డును ఇక పెదవి మోయాలి. ఇత్తడికి నొప్పి లేదు, పెదవికి ఉంది.

ఆక్షేపం: ‘మరి నాకు నిజంగానే బిగుసుకుపోతోందే?’

సమాధానం: బిగుసుకుంటుంది, కాదనడం లేదు. లీడ్ వాడు మెరుపు కోసం లోతు తక్కువ కప్పు ఎంచుకుంటాడు. దానివల్ల పై హార్మోనిక్సు బలపడి శబ్దం బ్యాండును చీల్చుకుని హాలు చివరిదాకా పోతుంది. కానీ కచేరీ సాగేకొద్దీ పెదవి వాచి కప్పులోకి దిగి అడుగును తాకుతుంది. తాకిన పెదవి కొట్టుకోదు. వాయించేవాడికి మాత్రం గొంతు మూసుకుపోయినట్టే ఉంటుంది. ఇలాంటివాడికి కావలసింది పెద్ద బెజ్జం కాదు, ఒక పిసరు లోతైన కప్పు, లేదా కప్పు నుంచి గొంతులోకి గరాటులా జారే లోపలి వాలు. ఇంకో సాక్ష్యం: లీడ్ వాళ్ళలో పేరుమోసిన షిల్కే 14ఏ4ఏలో చివరి ‘ఏ’ బిగుతైన బ్యాక్‌బోరుకు గుర్తు. ధారాళం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు చాలామంది చివరికి బిగుతునే కౌగిలించుకున్నారన్నమాట.

ఉపసూత్రం: *మురికి కూడా పదార్థమే.*

వ్యాఖ్య: భోంచేసి వచ్చి ఊదేవాడి గొంతులో, అనగా మౌత్‌పీసు గొంతులో, ఏడాది తిరిగేసరికి పొర కడుతుంది. 27 కాస్తా చెప్పకుండా 28 అవుతుంది. సన్నని బ్రష్షు, గోరువెచ్చని సబ్బునీళ్ళు పెట్టి రుద్దితే డ్రిల్లు లేకుండానే 27 తిరిగి వస్తుంది. ఈ పద్ధతికి ఖర్చు లేదు. అందుకే దీనికి శిష్యులూ లేరు.

దృష్టాంతం

హై నోట్లకు జగమెరిగిన మేనార్డ్ ఫెర్గూసన్, కెనడావాడు, 1950ల మొదట్లో స్టాన్ కెంటన్ బ్యాండులో పేరు తెచ్చుకున్నాడు. ఆయన పేరుతో మౌత్‌పీసులు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళకు మౌత్‌పీసు దక్కింది, శ్వాస దక్కలేదు. ఆ శ్వాస కోసం ఆయన మాత్రం డ్రిల్లు పట్టలేదు, యోగం పట్టాడు. యోగశ్వాసను ట్రంపెట్ విద్యార్థులకు నేర్పేవాడు కూడా. 1960ల చివర అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో పాఠాలు చెప్పిన మనిషి ఆయన. అమెరికా కుర్రాళ్ళు దుకాణాల్లో గొంతులు కొలుస్తుంటే గురువు రాయలసీమ కొండల మధ్య ఊపిరి కొలుచుకుంటున్నాడన్నమాట.

పరీక్షా విధి

కొత్త మౌత్‌పీసును దుకాణంలో ఊది తీర్పు చెప్పరాదు. అక్కడ పెదవి తాజాగా ఉంటుంది, దుకాణదారు మొహమాటంగా నవ్వుతుంటాడు. రిహార్సల్ ఆఖర్న, పెదవి మొరాయించే వేళకు ఊదాలి. పక్కనున్న రెండో ట్రంపెట్‌ను కళ్ళు మూసుకోమని పాతదీ కొత్తదీ మార్చి వినిపించాలి. ఏది ఏదో అతను చెప్పలేకపోతే తేడా ఇత్తడిలో లేదు, రసీదులో ఉంది.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని నియమంగా చదివినవాడికి పై నోట్లు సిద్ధిస్తాయని మేము అనం. మౌత్‌పీసులు కొనడం మానుకుంటాడనీ అనం, అంతటి మహిమ ఏ శాస్త్రానికీ లేదు. ఉన్న మౌత్‌పీసును కడుక్కుంటాడు, ఇంట్లో డ్రిల్లుంటే పొరుగింటికి అరువిస్తాడు. విన్నవాడికి ఇందులో సగం ఫలం, అతను డ్రమ్ములవాడైతే పూర్తి ఫలం.