శుక్రాచార్యుడి పికప్పు

అమెరికాలో అమ్మే పెద్ద పికప్పు ట్రక్కుల ప్రకటనలు చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. బండి బురదలో దూకుతుంది, వాగు దాటుతుంది, కొండ ఎక్కుతుంది. సరైన ఇంజిను, సరంజామా ఉంటే ఫోర్డ్ ఎఫ్-150 లాంటిది దాదాపు ఆరు టన్నుల బరువు కూడా లాగేస్తుంది. చివర్లో ఓ గంభీరమైన గొంతు వచ్చి, ఇది ఎవరి మీదా ఆధారపడని మగధీరుల వాహనమని సెలవిస్తుంది. ఆ మగధీరుడి బండికి ఒక రాత్రి కుడివైపు దీపం ఆరిపోతుంది. మాడినది బొటనవేలంత హాలోజన్ బల్బు, ఖరీదు పదో ఇరవయ్యో డాలర్లు. దాన్ని పావు చుట్టు తిప్పితే ఊడొస్తుందని యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. అబద్ధం కాదు, నిజంగానే పావు చుట్టే. కాకపోతే ఆ పావు చుట్టు దగ్గరికి చెయ్యి చేరాలంటే, కొన్ని మోడళ్ళలో బ్యాటరీ దించాలి, కొన్నింట్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊడదీయాలి. ఇంకొన్నింట్లో చక్రాన్ని ఓ పక్కకి పూర్తిగా తిప్పి, చక్రం గూట్లో ఉన్న ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులు పీకి, మోచేతి దాకా లోపలికి దూర్చి, కంటికి కనపడని దాన్ని వేళ్ళతో వెతుక్కోవాలి. బంపరు ఊడదీయమనే పుణ్యాత్ములూ ఉన్నారు. ఇంత చేశాక చివర్లో ఒక హెచ్చరిక: కొత్త బల్బు గాజుని వేలితో తాకకూడదు, చర్మం జిడ్డు అంటుకుంటే ఆ చోటే వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. గుడ్డివాడిలా తడుముకోవాలట, తాకకూడదట!

ఇది పొరపాటున జరిగిందని సరిపెట్టుకోవడానికి లేదు. హాలోజన్ బల్బు అరిగిపోయే వస్తువు. టంగ్‌స్టన్ తీగ వెలిగిన ప్రతి గంటా కొంత ఆయుష్షు కోల్పోతుంది, మామూలు బల్బు కొన్ని వందల గంటలకి చేతులెత్తేస్తుంది. పగలు కూడా అదే దీపాన్ని వెలిగించి ఉంచే బళ్ళలో ఇంకా తొందరగా. అంటే బండి జీవితంలో ఈ పని చాలాసార్లు చేయాల్సి వస్తుందని, గీసిన మొదటి రోజునే ఇంజనీరుకి తెలుసు. తెలిసిన పనికి దారి ఎలా వదలాలో కూడా తెలుసు. ఇంజిన్ ఆయిల్ చూసే పుల్లకి పసుపు రంగు పిడి తొడిగి కంటికెదురుగా పెట్టింది వాళ్ళే. అద్దాలు కడిగే నీళ్ళు పోయడానికి బొమ్మ గీసిన మూత బానెట్ ఎత్తగానే పలకరిస్తుంది. మన చెయ్యి ఎక్కడికి రావాలని వాళ్ళు కోరుకున్నారో అక్కడికి ఎర్ర తివాచీ పరిచారు. ఆ తివాచీ బల్బు దాకా రాలేదంటే, పరవక్కర్లేదని ఎవరో తీర్మానించినట్టే.

ఒకప్పుడు ఇలా లేదు. 1940 నుంచి చాలా ఏళ్ళు అమెరికాలో అన్ని కార్లకీ ఒకే కొలత దీపం, ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్. కాడిలాక్ అయినా, కూరగాయల ట్రక్కు అయినా దీపం ఒక్కటే. చుట్టూ ఉన్న రింగు స్క్రూలు విప్పి, పాతది లాగి, వెనక మూడు కాళ్ళ ప్లగ్గు మార్చి కొత్తది బిగిస్తే పని అయిపోయేది. ఆ కాలమే స్వర్ణయుగమని వాదించడం నా ఉద్దేశం కాదు. ఐరోపాలో హాలోజన్ వెలుగులు పరుచుకుంటుంటే అమెరికా దీపాలు చాలా ఏళ్ళు మినుకుమినుకుమంటూ ఉండేవి, వెలుగు మీద ఉన్న ప్రభుత్వ పరిమితిని పెంచింది 1978లో. గాలికి అడ్డం పడని ఆకారంలో దీపాలు పెట్టుకుంటామని ఫోర్డ్ కంపెనీ 1981లో అర్జీ పెట్టుకుంటే 1983లో అనుమతి దొరికింది. 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్‌తో కొత్త దీపాలు వచ్చాయి. గాజు గిన్నె మొత్తం మార్చనక్కర్లేదు, లోపలి చిన్న బల్బు ఒక్కటి మారిస్తే చాలన్నది అప్పటి ఆకర్షణ. కొనేవాడి సౌకర్యం పేరు చెప్పుకుని వచ్చిన మార్పు అది.

కొత్త ఆకారం వచ్చినంత మాత్రాన చెయ్యి పట్టకుండా పోవాలని లేదు, దానికి సాక్ష్యం షెవర్లే కంపెనీయే ఇచ్చింది. 1999లో వచ్చిన మొదటి తరం సిల్వరాడో పికప్పులో హెడ్‌లైట్ డూమ్‌ని పట్టి ఉంచినవి రెండు పొడవాటి పిన్నులు. బానెట్ ఎత్తి వాటిని పైకి లాగితే డూమ్ మొత్తం ముందుకి వచ్చేస్తుంది. పానా అక్కర్లేదు, జాకీ అక్కర్లేదు, ఒళ్ళు దులుపుకునే పని కూడా లేదు. అలాంటి ఏర్పాటుకి అయ్యే ఖర్చు రెండు ఇనప కడ్డీలు. తర్వాతి తరాల పికప్పుల్లో అది కనపడకుండా పోయింది. సాంకేతికంగా వీలుపడక పోయిందని ఎవరైనా అంటే నవ్వకుండా వినడం కష్టం.

సమర్థించేవాళ్ళ మొదటి వాదన గాలి. గాలికి ఎదురు తగ్గితే ఇంధనం ఆదా అవుతుంది, అందుకే ముందు భాగమంతా ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి అంటారు. చిన్న కారు గురించి ఈ మాట చెబితే కాస్త ఆలోచించవచ్చు. మనిషి ఛాతీ ఎత్తున నిలువుగా గోడ కట్టినట్టున్న ముక్కుతో గంటకి వంద కిలోమీటర్లు పోయే వాహనం గురించి చెబితే, గాలి కూడా ఒప్పుకోదు. పైగా గాలికి తగిలేది దీపం అద్దం ముందువైపు, చెయ్యి దూరాల్సింది వెనకవైపు. రెండో వాదన వెలుగు: దీపాలు మెరుగయ్యాయి, దానికి కొంత ఇబ్బంది తప్పదు. బీమా కంపెనీల సొమ్ముతో నడిచే ఐఐహెచ్ఎస్ సంస్థ 2016లో పికప్పుల హెడ్‌లైట్లని పరీక్షిస్తే 'గుడ్' అనిపించుకున్నది ఒక్క హోండా రిడ్జ్‌లైన్. చాలావాటికి దక్కింది 'పూర్'. చెయ్యి పట్టనివ్వకుండా దాచుకున్న దీపం, తీరా చూస్తే రోడ్డునీ సరిగ్గా చూపించలేదు.

అసలు కారణం ఇంత గొప్పది కాదని నా అనుమానం. ఫ్యాక్టరీ వరసలో బండికి డూమ్ బిగించే సమయానికి బంపరు ఇంకా రాదు, చక్రం గూట్లో తొడుగు ఉండదు, చుట్టూ ఖాళీ. కొన్ని సెకన్లలో పని పూర్తవుతుంది. అక్కడి బిగింపుకి అనువైనదే మంచి డిజైన్ అయిపోయింది. డిజైన్ బల్ల చుట్టూ స్టైలిస్టుకి కుర్చీ ఉంది, లెక్కల మనిషికి ఉంది, అసెంబ్లీ ఇంజనీరుకి ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత డిసెంబరు చలిలో డెట్రాయిట్ సందులో చెయ్యి గీరుకునే మనిషికి కుర్చీ లేదు. కావాలని కుట్ర చేశారని కొందరంటారు, డీలర్ షెడ్డులో గంట కూలీ వంద డాలర్లు దాటిన చోట ఆ అనుమానం సహజమే. కుట్రకైనా కాస్త శ్రద్ధ కావాలి. ఇక్కడ అది కూడా పెట్టలేదేమో.

ఐరోపా ఈ రోగాన్ని ముందే పసిగట్టింది. రెనో మెగాన్ రెండో తరం కారులో బల్బు మార్చడానికి చక్రం గూట్లోంచి చెయ్యి పెట్టాల్సి వచ్చి అక్కడి జనం విసిగిపోయారు. దీపాల అమరిక గురించిన ఐక్యరాజ్యసమితి 48వ నిబంధనలో ఒక మాట చేర్చారు: మార్చదగిన బల్బుని నిపుణుడి సాయం లేకుండా, బండితో ఇచ్చిన పనిముట్లు తప్ప ప్రత్యేకమైనవి లేకుండా మార్చుకునే వీలుండాలి. వాహన దీపాల గురించిన అమెరికా 108వ ప్రమాణం బల్బు ఎంత వెలగాలో, దాని కాళ్ళు ఎలా ఉండాలో మిల్లీమీటర్లలో చెబుతుంది గానీ, అక్కడికి మనిషి చెయ్యి చేరాలన్న ఊసెత్తదు. విడిగా మార్చలేని ఎల్ఈడీలకి ఐరోపా నిబంధన కూడా వర్తించదు, అది వేరే తలనొప్పి.

ఇదంతా పాత గొడవ, ఎల్ఈడీలు వచ్చేశాయి, అవి బండి ఉన్నన్నాళ్ళూ ఉంటాయి, ఇక బల్బు మార్చే పనే లేదు అని చివరి వాదన. బండి ఎన్నాళ్ళు ఉంటుందని అడగాలి. అమెరికా రోడ్ల మీద తిరిగే వాహనాల సగటు వయసు పన్నెండేళ్ళు దాటింది. ఎల్ఈడీ చిప్పు నిలబడినా దాని డ్రైవర్ సర్క్యూటు చెడవచ్చు, సీలు పగిలి చెమ్మ చేరవచ్చు, రాయి తగలవచ్చు. అప్పుడు మార్చేది పది డాలర్ల బల్బుని కాదు, వందల డాలర్ల నుంచి వెయ్యి పైచిలుకు పలికే మొత్తం డూమ్‌ని. తలుపు కిర్రుమంటోందని ఫిర్యాదు చేస్తే తలుపు తీసేసి గోడ కట్టిన మేస్త్రీ పని ఇది.

మెకానిక్కుకి ఇవ్వొచ్చు కదా అనేవాళ్ళు, పదిహేనేళ్ళ పికప్పు నడిపేవాడి జేబు చూడరు. పాత బండి చివరికి చేరేది తోటపని వాడికి, పైకప్పులు వేసేవాడికి, తెల్లారకుండా పనికి బయల్దేరేవాడికి. ఒంటిదీపంతో వెళితే పోలీసు ఆపుతాడు, చీటీ రాస్తాడు. బలిచక్రవర్తి దానధారకి అడ్డుపడాలని కమండలం కొమ్ములో దూరిన శుక్రాచార్యుడికి దర్భపుల్ల గుచ్చుకుని ఒక కన్ను పోయింది. అక్కడ కనీసం దర్భపుల్ల దూరడానికి సందుంది. ఈ పికప్పు గురువుగారికి కన్ను పోవడం మామూలే, తిరిగి పెట్టడానికే సందు లేదు. తెలుగు పల్లెల్లో టమాటా ట్రేలు మోసే పాత పికప్పుల డ్రైవర్లు బానెట్ ఎత్తి, వెనక రబ్బరు టోపీ లాగి, స్ప్రింగు క్లిప్పు తప్పించి హెచ్4 బల్బు వేసుకుని టీ చల్లారేలోగా బయల్దేరతారు. అవి డెట్రాయిట్ ఆటో షోలో కనపడవు.

అమెరికాలో 1958 నాటి చట్టం ప్రకారం కొత్త కారు కిటికీకి ధర చీటీ అంటించాలి. గ్యాలనుకి ఎన్ని మైళ్ళో కూడా ఇప్పుడు దాని మీదే కనిపిస్తుంది. ఆ పక్కన ఇంకో గడి చేర్చమని నా మనవి: హెడ్‌లైట్ బల్బు మార్చడానికి పట్టే సమయం, నిమిషాల్లో. కొలిచే పద్ధతి కూడా సులువే. ఆ మోడల్ డిజైన్ మీద సంతకం చేసిన ప్రధాన ఇంజనీరు మామూలు బట్టల్లో, సెల్‌ఫోన్ దీపం నోట్లో పెట్టుకుని, సన్నటి చినుకులో, బండితో వచ్చిన పనిముట్లతోనే బల్బు మార్చాలి. గాజు మీద వేలిముద్ర పడితే మళ్ళీ మొదటి నుంచి.