మా మేనకోడల్ని మగవాళ్ళలో కలిపిన కార్యదర్శి గారికి

మహారాజశ్రీ మా తెలుగు సంఘం సాంస్కృతిక కార్యదర్శి గారి దివ్యసముఖమునకు,

కలకత్తా మెటియాబ్రుజ్ నుంచి మీ విధేయుడు రాసుకునే విన్నపం. ఇక్కడ వాన, బురద, ఆదివారం హాటు సంతకి బట్టల మూటలతో దిగే జనం, అంతా సవ్యంగానే ఉంది. తమరూ, తమ ఫోనూ, ఆ ఫోనులోకి ఈమధ్య దింపుకున్న గొంతులు కొలిచే యాప్‌ కులాసాయే అని తలుస్తాను.

ఎస్పీ బాలుగారి వర్ధంతి పాటల పోటీకి రిహార్సల్ పెట్టి, మా మేనకోడలి గడ్డం కింద ఫోను ఆనించి, అది "ఆ" అని రాగం తీస్తుంటే తెర మీద పచ్చగీత వంక కన్నార్పకుండా చూసి, "టెనర్!" అని ప్రకటించారు. టెనర్ అంటే మగగొంతు గనక పురుషుల విభాగంలో పేరు రాయించుకోమని సెలవిచ్చారు. ఇంటర్ చదువుతున్న పిల్ల. కన్నతల్లికీ, పురుడు పోసిన డాక్టరమ్మకీ ఇన్నేళ్ళూ తెలియని సంగతి తమరు క్షణంలో తేల్చేశారు. ఈ పాటికి మీకు శాలువా కప్పాల్సింది.

కప్పను. మర్యాదగా నాలుగు ముక్కలు రాద్దామనే కూర్చున్నాను గాని, నా వల్ల కావడం లేదు. ఆ పిల్ల ఆటోలో దారంతా బయటికే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక, "మావయ్యా, నా పేరు కొట్టేయించు" అంది. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, పాటా ఎత్తలేదు. మీకు ఏం పోయిందండీ? హాల్లో వెనక వరసలో కూర్చున్న కుర్రాళ్ళు "అన్నయ్యా, ఒక పాటేసుకో" అని అరిచినప్పుడు మీరూ నవ్వారు. నేను చూశాను.

ఇంకో సంగతి కూడా చూశాను. మీ యాప్ ఆ అడుగు స్వరాన్ని పట్టుకున్న క్షణంలో బయట హుగ్లీలో లాంచీ కూత వేసింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పైన ఫ్యాను గురగురలాడుతోంది, పక్కింట్లో కుట్టుమిషన్లు ఆడుతున్నాయి. తమరు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదివి "ఇంత లోతుకి దిగింది" అని చాటిన మంద్రస్వరం మా పిల్లది కాదు మహాప్రభో, రేవులో లాంచీది. దాన్నే పురుషుల విభాగంలో చేర్చుకోండి. శ్రుతి తప్పదు.

అసలు ఆ యాప్ ఎందుకు బయటికి వచ్చిందో కూడా రాయాలి. పిల్లలంతా పుస్తకాలు పట్టుకుని వరసలో నిలబడి ఉండగా పెద్దలు బాలుగారి గొంతు ఎన్ని ఆక్టేవ్‌లో, అంటే ఎన్ని స్థాయిలో, తేల్చే పనిలో పడ్డారు. ఒకాయన నాలుగన్నాడు. మీరు అయిదున్నర అన్నారు. ఘంటసాల పక్షం వాళ్ళు లేచి, 'జగదేకవీరుని కథ'లో 'శివశంకరి' విన్నాక మాట్లాడమన్నారు. ఇటువాళ్ళు 'శంకరాభరణం' అన్నారు. ఆయన బారిటోన్ అని ఒకరు, కాదు టెనర్ అని ఒకరు, రెండూనని కోశాధికారి. మధ్యలో టీ వచ్చింది. మళ్ళీ మొదలు. ఆ తగువులోనే మీ యాప్ బయటికి వచ్చింది. వరసలో నిలబడ్డ చిన్నపిల్లలు నేల మీద కూలబడ్డారు. (టీ పెద్దలకే. పిల్లలకి కనీసం మంచినీళ్ళ సీసా లేదు.)

అయిదున్నర ఆక్టేవ్‌లంటే ఏమిటో తెలుసా మీకు? మన సంఘం హార్మోనియం ఆ చివర మెట్టు నుంచి ఈ చివర మెట్టు దాకా నొక్కుకుంటూ పోతే మూడున్నర. అందులోనూ ఒక రీడు పోయి రెండు దసరాలైంది. బాలుగారిని మీ లెక్కన పాడించాలంటే ఒక పెట్టె సరిపోదు, పక్కింటి పెట్టె అరువు తెచ్చుకుని అతికించాలి. మన కచేరీల్లో మంద్రం సగం, మధ్యస్థాయి పూర్తిగా, తారస్థాయిలో పంచమం దాకా పాడితే ఆ గాయకుడికి దండం పెడతాం. అది రెండు స్థాయిలకి కాస్త అటూ ఇటూ. సినిమా పాటల్లో చాలావాటికి అదీ అక్కర్లేదు. బాలుగారి గొప్ప అక్కడుందని ఎవరు చెప్పారు? సంగీతం గురుముఖంగా నేర్చుకోని మనిషి, 1980లో వచ్చిన 'శంకరాభరణం'కి సంగీత సహాయకుడు పుగళేంది దగ్గర కూర్చుని నేర్చుకుని పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. 'మనుషులంతా ఒక్కటే'లో అల్లు రామలింగయ్య గారికి పాడితే తెర మీద ఆయనే పాడినట్టుంది. ఇది ఏ యాప్‌లో ఏ గీతగా కనిపిస్తుంది?

అభిమానులకు అంకె కావాలి, అదే వచ్చిన చిక్కు. మునుపు బాలుగారివి నలభై వేల పాటలా, ముప్ఫై వేలా అని కొట్టుకున్నారు. సుశీలమ్మగారి పాటలు లెక్కకట్టి 2016లో గిన్నిస్‌వాళ్ళు 17,695 అని రాసిచ్చారు, దాంతో ఆ తగువు చప్పబడింది. ఇప్పుడు ఆక్టేవ్‌ల మీద పడ్డారు. ఇది మన జబ్బే కాదు లెండి. 2014లో ఎవరో పాశ్చాత్య గాయకుల గొంతుల వ్యాప్తి పట్టిక వేసి, మరియా కేరీ కన్నా పైన ఆక్సల్ రోజ్‌ని కూచోబెడితే అక్కడా ఇదే రభస. వాళ్ళు కనీసం పసిపిల్లల్ని వరసలో నిలబెట్టి కొట్టుకోలేదు.

పోనీ ఆ టెనర్ సంగతే చూద్దాం. అది ఆపెరావాళ్ళ సరుకు. ఏ పాత్ర ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి వాళ్ళు చేసుకున్న ఏర్పాటు. దానికైనా అట్టడుగు స్వరమెంత, చిటారు స్వరమెంత అని మాత్రమే చూడరు. గొంతు ఏ ఎత్తులో హాయిగా నిలుస్తుంది, ఎక్కడ రంగు మారుతుంది, ఎక్కడ విరుగుతుంది, ఇవన్నీ చూస్తారు. ఆడవాళ్ళలో బరువుగా, కింద పలికే గొంతుని కాంట్రాల్టో అంటారు. ఆ గొంతుకీ మగవాళ్ళ టెనర్‌కీ ఇంచుమించు ఒకటిన్నర స్థాయి ఉమ్మడి స్థలం. ఉమ్మడి స్థలంలో నిలబడ్డంత మాత్రాన మగవాడైపోతే, హాల్లో కోరస్ పాడిన ప్రతి మగవాడినీ మీరు సగం ఆడదాన్ని చెయ్యాలి. యాప్‌ని అడిగి చూడండి.

మనకెందుకండీ ఇదంతా? మన దగ్గర గొంతుని బట్టి శ్రుతి. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర. ఆడవాళ్ళు అయిదు, అయిదున్నర. మా పిల్లకి నాలుగు హాయి. అయిదున్నర నుంచి నాలుగుకి దిగాలంటే పెట్టె మీద మూడు మెట్లు. అది ఎంచుకున్న జానకమ్మగారి పాట కరవోకీ ట్రాకు దించాలంటే ఒక మీటని మూడుసార్లు నొక్కడం. అది నొక్కమని అడిగితే, "ఒరిజినల్ శ్రుతి మార్చకూడదు, జానకమ్మని అవమానించినట్టు" అన్నారు. నొక్కకపోగా పిల్లనే మగవాళ్ళలోకి నెట్టారు. మా సందులో ఓస్తాగర్, అంటే దర్జీ మేస్త్రీ, మనిషికి టేపు పెట్టి చొక్కా కత్తిరిస్తాడు. చొక్కాకి పట్టలేదని మనిషిని కత్తిరించడం మీ దగ్గరే చూశాను.

ఒరిజినల్ శ్రుతి అంటారా. మలకా జాన్ అనే గాయని ఇదే మెటియాబ్రుజ్‌లో నవాబు వాజిద్ అలీ షా కొలువులో పాడింది. ఆమె కూతురు గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాటలిచ్చింది. ఆ రోజుల్లో మైకు లేదు, పెద్ద కొమ్ములోకి అరిచి పాడాలి. పళ్ళెం తిరిగే వేగానికి ఒక కొలత అంటూ స్థిరపడలేదు. అదే రికార్డుని కాస్త వేగంగా తిప్పితే ఆవిడ చిన్నపిల్ల, కాస్త నెమ్మదిగా తిప్పితే పెద్దావిడ. అందులో ఏది ఒరిజినల్? తర్వాత వచ్చిన టేపు రికార్డర్లూ తక్కువ తినలేదు. బ్యాటరీ అయిపోయేసరికి మీ ఇంట్లో ఘంటసాల గారు రెండు మెట్లు దిగిపోలేదూ? మీ ఫోనులోని ట్రాకు ఎన్ని చేతులు మారి, ఎన్ని క్యాసెట్ల మీదుగా వచ్చిందో మీకు తెలియదు. దానికేమో పవిత్రత, మా పిల్లకేమో పరీక్ష.

ఇంకా మీరు ఎక్కడ కూర్చుని ఈ తీర్పు చెప్పారో చూడండి. అవధ్ పోగొట్టుకుని 1856లో వచ్చి, 1887లో కన్నుమూసేదాకా వాజిద్ అలీ షా ఉన్న చోటు ఇది. ఆయన రాసిన ఠుమ్రీ పాటల్లో మాట్లాడేది ఆడమనిషి. పుట్టింటిని వదిలిపోతున్న పెళ్ళికూతురు గొంతుతో ఆయన రాసినట్టు చెప్పుకునే ఠుమ్రీని 1938లో 'స్ట్రీట్ సింగర్'లో సైగల్ పాడితే దేశం కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ నవాబుని ఏ విభాగంలో రాస్తారు? మన స్థానం నరసింహారావుగారు సత్యభామగా స్టేజీ మీద నిలబడి పాడుతుంటే ఆడవాళ్ళే ఆయన్ని చూసి నడక నేర్చుకునేవాళ్ళని చెప్పుకుంటారు. ఆయనకి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఏ విభాగమని ఢిల్లీలో ఎవరూ అడిగినట్టు లేదు.

ఆడవాళ్ళలోనే కావాలంటే భానుమతిగారున్నారు. 'మల్లీశ్వరి' మన ప్రతి ఇంట్లోనూ మోగింది. ఆ గొంతు సన్నగా ఉందా? కీచుగా ఉందా? గుండ్రంగా, బరువుగా, మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డట్టుంటుంది. 1951లో ఎవరూ ఆవిడ గడ్డం కింద ఏదీ ఆనించలేదు. ఆనించబోయినవాడు ఉంటే వాడి గతేమిటో ఆవిణ్ణి ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అంతదూరం కూడా వద్దు. ఉషా ఉతుప్ మన ఊళ్ళోనే ఉన్నారు. ఆ గొంతు కుదరదని బళ్ళో పాటల క్లాసులోంచి పక్కన పెట్టారు. 1969లో పార్క్ స్ట్రీట్ ట్రింకాస్ రెస్టారెంట్‌లో కంచిపట్టుచీర కట్టుకుని మైకు పట్టుకునేసరికి, ఆ గొంతు కోసమే జనం వచ్చారు. 1980ల్లో ఈ రాష్ట్రంలోనే ఒక మంత్రిగారికి ఆవిడ పాట అపసంస్కృతి అనిపించింది. సర్కారు హాళ్ళలో పాడనివ్వలేదు. ఆవిడ కోర్టుకెళ్ళి గెలిచారు. 2011లో పద్మశ్రీ, 2024లో పద్మభూషణ్. ఇప్పుడు చెప్పండి, ఆవిడ మన పోటీకి వస్తే మీ ఫోను ఏమంటుంది? పురుషుల విభాగమనే కదా?

మా పిల్లకి కోర్టుకెళ్ళేంత ఓపికా లేదు, అంత వయసూ లేదు. దానికి మీ శాలువాలూ, స్టీలు గిన్నెలూ కూడా పట్టలేదు. అది అడిగింది ఒక్కటే పాట, జానకమ్మగారిదే, తన శ్రుతిలో. వేసవంతా పొద్దున్నే డాబా మీద, కింద మిషన్లు మొదలవకముందు సాధన చేసింది. వాళ్ళ అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి ఫోనులో వింటూ ఎక్కడ గమకం జారిందో చెబుతుండేది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు, బెంగాలీ అక్షరాల్లో పాట రాసుకుని పాడతారు. అలాంటి పిల్ల ఒక తెలుగు పాటని అంత శ్రద్ధగా పట్టుకుంటే, సంఘం అని మనం బోర్డు పెట్టుకున్నందుకు, దాన్ని నిలబెట్టి పాడించుకోవాలా, గొంతు ఏ జాతో తేల్చాలా?

అయ్యా, ఎకసెక్కాలు చాలు. కోపంలో ఎక్కువ రాసి ఉంటే పెద్ద మనసు చేసుకోండి. పిల్ల పేరు స్త్రీల విభాగంలో మళ్ళీ రాయండి. ట్రాకు మూడు మెట్లు దించండి, లేదా ట్రాకే వద్దు, హార్మోనియం మీద నాలుగు శ్రుతి పట్టేవాళ్ళని నేనే తీసుకొస్తాను. ఆ పోయిన రీడు బాగు చేయించే ఖర్చు కూడా నాదే. బహుమతి ఇవ్వకండి, మార్కులు కూడా వెయ్యకండి, పాడనివ్వండి. మీరు గాని, మీ తరఫున ఆడవాళ్ళెవరైనా గాని ఒకసారి మా ఇంటికొచ్చి "రా అమ్మా" అంటే వస్తుంది. నేను చెబితే వినడం లేదు. ఆదివారం కాకుండా ఇంకేరోజైనా రండి, ఆదివారమైతే హాటు జనంలో మా సందులోకి ఆటో రాదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆ పిల్ల మేనమామ