కార్డు ముక్క

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మా ఆవిడకి ఒక్క కార్డు ముక్క రాసి ఎరగను. అలాంటివాణ్ణి, 2024 అక్టోబరులో ముక్కూమొహం తెలియని వాళ్ళకి మూడొందలు రాయడానికి కూర్చున్నాను. ప్రేమలేఖలైనా క్షమించేదేమో. "మీ ఇల్లు ఎలా ఉన్నా సరే, క్యాష్ ఇచ్చి కొంటాను" అని అచ్చు వేయించిన పోస్టుకార్డులవి.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, మా వీధిలో నాకు తప్ప అందరికీ అద్దెకిచ్చిన ఇల్లొకటుంది. అమ్మకానికి బోర్డు కట్టాక పోటీపడే దమ్ము నాకు లేదు. బోర్డు కట్టకముందే ఓనర్ని పట్టుకోవాలి, దానికి పోస్టే దారి అన్నారు. పన్ను కోసం ఇళ్ళకి విలువ కట్టే డాలస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ డేటా ఉచితంగా దొరుకుతుంది. హోమ్‌స్టెడ్ పన్ను మినహాయింపు లేని ఇంట్లో ఓనరు కాపురం ఉండడం లేదని లెక్క. ఇర్వింగ్‌లో అలాంటివి మూడొందలు ఏరాను. అప్పట్లో స్టాంపు 56 సెంట్లు, మొత్తం 168 డాలర్లు. ఈ అంకె ఇంట్లో చెప్పలేదు.

అచ్చు అడ్రసుంటే చెత్తబుట్టలో పడేస్తారట, చేతిరాతైతే చదువుతారట. ఇరవై ఏళ్ళుగా కీబోర్డు తప్ప కలం ఎరగని చెయ్యి. యాభయ్యో కార్డుకి నా రాత ఈసీజీలా తయారైంది. కార్డుకి పది సెంట్ల చొప్పున మా అమ్మాయిని పనిలో పెట్టాను. అది 'ఇర్వింగ్'లో రెండో 'ఐ' మీద చుక్క బదులు గుండె బొమ్మ వేసింది. మా ఆవిడ ఒక కార్డు తీసి చూసి, "ఎవరికండీ ఇవి?" అని మాత్రం అడిగింది.

వంద కార్డులకి ఒక్క ఫోనొస్తే పండగే అంటారు ఈ పని చేసేవాళ్ళు. నాకు మొదటి రోజే ఏడొచ్చాయి. పొంగిపోయి ఎత్తాను. "సార్, ఎప్పటికల్లా ఖాళీ చెయ్యాలి?" అన్నాడు మొదటివాడు. రెండో ఆమె ఏడ్చింది.

ఎక్సెల్ తెరిచి చూస్తే తెలిసింది. ఓనరుకి ఉత్తరాలు అందే అడ్రసు ఒక కాలమ్, ఇల్లున్న అడ్రసు ఇంకో కాలమ్. నేను రెండోది దింపాను. మూడొందల కార్డులూ అద్దెకున్నవాళ్ళ డబ్బాల్లో పడ్డాయి. నేను బతుకుతున్నది డేటాబేస్ ఉద్యోగం మీదనని ఇక్కడ మనవి చేసుకోవాలి.

రాత్రి తోడల్లుడు ఫోను. "ఏమయ్యా, నా ఇల్లు అమ్మేస్తున్నానని మా టెనెంటు గోల పెడుతున్నాడు. కార్డు మీద నీ నంబరుంది." ఇల్లు ఎల్‌ఎల్‌సీ కంపెనీ పేరు మీద ఉంటే నాకెలా తెలుస్తుంది అన్నయ్యా, అన్నాను. "సరేలే, ఎంతిస్తావు?" అన్నాడు.

నేర్చుకున్న పాఠం నోట్లోంచి జారిపోయింది: "రిపేర్లు చేయించాక పలికే ధరలో 70 శాతం, అందులోంచి రిపేర్ల ఖర్చు తీసేసి..."

వంటింట్లో గరిటె ఆగింది. "మా అక్కకే ముప్పై శాతం టోపీయా?"

ఇదే జాబితాకి మళ్ళీ మళ్ళీ పంపితేగానీ డీల్ దొరకదట. ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. ఎక్కువగా అచ్చు వేయించిన యాభై కార్డుల మీద ఆవిడ కిరాణా లిస్టు రాస్తోంది. మొన్న కొట్లో తీసి చూసుకున్నాను. ఒకవైపు నా అచ్చు: "ఎలా ఉన్నా సరే, క్యాష్ ఇచ్చి కొంటాను." రెండోవైపు ఆవిడ రాత: "గోంగూర ఎలా ఉంటే అలా తేవద్దు."