ఆ అంకె ఎక్కడిది?

ఎకరాలను హెక్టార్లలోకి మార్చాలన్నా ఇప్పటి పిల్లలు ఫోన్‌లో ఓ యాప్ దింపుకుంటారు. తెరవగానే ప్రకటన. ఆ వెంటనే మీ లొకేషన్ ఇవ్వండి అంటుంది. కొలత మార్చడానికి నా ఊరితో దానికేం పని? చివరికి ఒక అంకె చూపిస్తుంది. అదెక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. నా బాధంతా అక్కడే.

మా రోజుల్లో లినక్స్ అంటే కంప్యూటర్ పత్రికతో వచ్చే సీడీయే. అందులో కొలతలు మార్చే గ్నూ యూనిట్స్ అనే చిన్న ప్రోగ్రాముంది, రాసినాయన అడ్రియన్ మరియానో. సోర్సు విప్పి, కాన్ఫిగర్ నడిపి, మేక్ కొట్టి, మేక్ చెక్‌తో సరిచూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేసేవాళ్లం. ఇప్పుడు ఉబుంటులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యూనిట్స్’ అంటే సరి. మ్యాక్‌లో యూనిట్స్ పేరుతో వేరేది ముందే ఉంటుంది కాబట్టి హోమ్‌బ్రూతో పెట్టుకున్నది జీయూనిట్స్ అవుతుంది. పని సులువైంది, సంతోషమే. కానీ పెట్టుకున్నాక లోపలికి తొంగి చూసేవాళ్లు లేరు.

లోపల డెఫినిషన్స్ డాట్ యూనిట్స్ అని మామూలు టెక్స్ట్ ఫైలుంది. 3,000కు పైగా కొలతలు, వాటి మధ్య వ్యాఖ్యలు. అడుగును 1959లో 0.3048 మీటర్లుగా ఎలా ఖాయం చేశారో, అమెరికా సర్వే అడుగు విడిగా ఎందుకు మిగిలిందో అందులోనే చదువుకున్నాను. ఏ అంకె మీద అనుమానమొచ్చినా ఫైలు తెరిచి దాని మూలం దాకా వెళ్లొచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు.

పైగా అది మనల్ని ఆలోచించమంటుంది. 98.6 డెగ్‌ఎఫ్‌ని డెగ్‌సీలోకి మార్చమంటే 54.78 అంటుంది. కుర్రాళ్లు దాన్ని తప్పనుకుని మూసేస్తారు. తప్పేం కాదు. డెగ్‌ఎఫ్ అంటే ఉష్ణోగ్రతల మధ్య తేడా. ఒంటి వేడి కావాలంటే టెంప్‌ఎఫ్ బ్రాకెట్లలో 98.6 పెట్టి టెంప్‌సీ అడగాలి, 37 వస్తుంది. వేడి పెరగడం వేరు, వేడి ఉండటం వేరని మాకు పాఠం చెప్పింది ఈ ప్రోగ్రామే.

ఇక భూమి సంగతి. తెలంగాణ పాసుబుక్కులో 3.12 అని ఉంటే మూడెకరాల పన్నెండు గుంటలు. ఎకరానికి నలభై గుంటలు. అదే అంకె ఆంధ్రలో మూడెకరాల పన్నెండు సెంట్లు, అక్కడ ఎకరానికి వంద సెంట్లు. మా మేనల్లుడు పాసుబుక్కులోని 3.12ని అలాగే యాప్‌లో కొట్టాడు. 15,101 చదరపు గజాలు చూపించింది. ‘‘ఫోన్ చెప్పింది కదా మామయ్యా’’ అన్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి హోమ్ డైరెక్టరీలో డాట్ యూనిట్స్ ఫైలు చేయించాను. అందులో ఒక్క వరుస: గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు. తర్వాత మూడెకరాలు కూడిక పన్నెండు గుంటలు అని అడిగితే 15,972 వచ్చింది. 871 గజాల తేడా! అంత జాగాలో నాలుగిళ్లు కట్టుకోవచ్చు, దాన్ని ఒక చుక్క మింగేసింది.

ఈ ప్రోగ్రాములో డబ్బు మారకం దగ్గర మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. ప్యాకేజీతో వచ్చే డాలరు రేటు దాన్ని తయారు చేసిన నాటిది. యూనిట్స్ అండర్‌స్కోర్ కర్ అనే పైథాన్ స్క్రిప్టు నడిపితేనే కొత్త రేట్లు వస్తాయి. మేము దాన్ని వేళకు దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టి, నడిచిందో లేదో లాగ్ చూసేవాళ్లం. ఇప్పుడు క్రాన్‌లో వరుస అతికించి, లాగ్ మాట మరిచిపోతారు. పాత రేటుతో లెక్కకట్టి, కొత్త రేటనుకుంటారు.

అన్నట్టు, పేరు ముందు చుక్కుండటంతో డాట్ యూనిట్స్ ఫైలు మామూలుగా కంటికి కనపడదు. కొత్త ల్యాప్‌టాప్‌కి మారేటప్పుడు అందరూ ఫొటోలు మోసుకెళ్లి దాన్ని పాత డిస్కులోనే వదిలేస్తారు. ఒరే నాయనా, ముందు దాన్ని కాపీ చెయ్యి. అందులో మీ తాత పొలం లెక్కుంది.