‘ఒక్కరు తక్కువ’కు టీకా తాత్పర్యం

మూలం

ఆదివారం రాత్రి 9కి ఆట. నలుగురం ఉన్నాం, ఒక్కరు తక్కువ. రూల్స్ రాకపోయినా ఫర్లేదు. ఆసక్తి ఉన్నవాళ్ళు చెప్పండి.

అవతారిక

హైదరాబాదులో కొందరు, డాలస్‌లో కొందరు, మెల్‌బోర్న్‌లో ఒకరుగా చెదిరిపోయిన ఒక తెలుగు మిత్రబృందపు డిస్కార్డ్ గదిలో, డంజన్ మాస్టర్ అనబడు కథానిర్వాహకుడు, తాను కల్పించిన రాజ్యమూ, దాని రాజవంశమూ, ఆ వంశంలోని దాయాదుల పగలూ ఆటగాళ్ళు లేక వృథా అగుచుండగా, నిట్టూర్చి వెలువరించిన వాక్యచతుష్టయమిది. నాయకుడు కవియే. నాయిక ఖాళీ కుర్చీ. రసం కరుణం, పైకి హాస్యంగా తోచును.

ఆట ఎరుగని పాఠకుడికి రెండు మాటలు. ఇందులో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర పట్టి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చెప్పింది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ కుదురుకు ఆదికావ్యం. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. ఒక పెట్టెలో మూడు పలుచని పుస్తకాలు.

మెదక్ సీమకు చెందిన కొలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి టీకలు రాశాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. పైగా ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థం

ఆదివారం = సెలవు అని అందరూ అనుకొనునట్టియు, ఎవరికీ సెలవు కానట్టియు దినమున;

రాత్రి 9కి = ఎవరి రాత్రి? మూలంలో చెప్పలేదు. కవి హైదరాబాదువాడు గనుక మన తొమ్మిదే అని అన్వయం. అప్పుడు డాలస్‌లో ఉదయం పదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం జరుపుతారు గనుక, మార్చిలోనూ నవంబరులోనూ ఒకాయన గంట ముందో గంట వెనకో వచ్చి ఖాళీ గదిలో హలో హలో అంటుంటాడు. మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర; వాళ్ళ వేసవిలో రెండున్నర. అంటే అక్కడి మిత్రుణ్ణి పిలిచినది సోమవారం తెల్లవారుజాముకు. చదివేవాడి ఊరి సమయానికి దానంతటదే మారి కనిపించేలా వేళను రాసే సదుపాయం డిస్కార్డ్‌లోనే ఉంది. కవికి తెలియదా? తెలుసు. ఖండాంతరాల లెక్క కట్టిస్తే వచ్చేవాడికి పట్టుదల ఉందో లేదో తేలుతుందని కవిహృదయమట. ఇది బొత్తిగా చెడ్డ హృదయం.

నలుగురం ఉన్నాం = ఇక్కడ వ్యాఖ్యాతల్లో తగవు. నిర్వాహకుడితో కలిపి నలుగురా, విడిచి నలుగురా? కలిపే అని నా నిశ్చయం. విడిచి నలుగురుంటే ఆట హాయిగా నడుస్తుంది, ఈ కావ్యమే పుట్టదు. 1974 నాటి మూలగ్రంథంలో ఒక కథకు నలుగురి నుంచి యాభైమంది దాకా ఆడవచ్చనీ, నిర్వాహకుడు ఒకరికి ఆటగాళ్ళు ఇరవైమంది చొప్పున ఉంటే బాగుంటుందనీ ఉంది. ఇరవైమంది! ఆ కాలం మనుషులకు ఆదివారాలు ఎక్కువ ఉండేవేమో.

ఒక్కరు తక్కువ = కావ్యానికి ప్రాణం ఈ రెండు మాటలు. ‘ఎవరైనా రావచ్చు’ అంటే ఎవరూ రారు. ‘ఒక్కరు తక్కువ’ అంటే చదివినవాడి కళ్ళ ముందు ఒక చోటు కనబడుతుంది, తాను రాకపోతే అది అలాగే ఉండిపోతుందనీ తోస్తుంది. కవి తెలిసి రాశాడో తెలియక రాశాడో గాని, నాలుగు వాక్యాల్లో పని చేసేది ఇదొక్కటే.

రూల్స్ రాకపోయినా ఫర్లేదు = అబద్ధం. కొందరు దీన్ని అతిశయోక్తి అలంకారమన్నారు, కొందరు ఔదార్యమన్నారు. ఆ ఆదికావ్యానికి 2014లో వచ్చిన ఐదో కూర్పులో ఆటగాళ్ళ పుస్తకం ఒక్కటే మూడువందల పుటలు దాటుతుంది. ‘ఫర్లేదు’ అన్నంత మాత్రాన కొత్తవాడికి భయం పోదు. ఇంతకీ అతనికి భయం రూల్సంటే కాదు. అందరికీ తెలిసినచోట తానొక్కడే తెల్లమొహం వేసుకుని కూర్చోవాలని భయం. మైకులో తానుకాని ఇంకొకడిలా మాట్లాడాలని సిగ్గు. పక్క గదిలో అత్తగారు వింటుంటే ‘నేను మంత్రదండం ఎత్తుతున్నాను’ అనడం ఎంత కష్టమో ఆలోచించండి. తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉంది. రాజు పాత్ర పట్టిన ఇరవై ఏళ్ళ కుర్రాడు, సేవకుడి పాత్ర పట్టిన నలభై ఐదేళ్ళ అన్నగారిని ‘ఓరీ’ అనలేడు. ‘సేవకుడు గారూ, కాస్త ఆ తలుపు తీస్తారా’ అంటాడు. రాజ్యం అక్కడే పోయింది.

కాబట్టి ‘ఫర్లేదు’ అన్న ముక్క నిజం కావాలంటే దాని వెనక ఏర్పాటు ఉండాలి. పాత్రను ముందే తయారుచేసి చేతికివ్వాలి. పాచిక కొనమనకూడదు, 2012లో మొదలైన రోల్20 లాంటి చోట బ్రౌజరులోనే పాచిక దొర్లుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాత్రికి ఆ రాత్రే ముగిసే కథ కావాలి. వీళ్ళ భాషలో వన్-షాట్. ‘ప్రతి ఆదివారం, ఏడాదిపాటు’ అని పిలిస్తే అది ఆహ్వానం కాదు, చిట్టీ పాట. గ్రాంట్ హౌవిట్ రాసిన ‘హనీ హైస్ట్’ అని ఒక ఆట ఉంది. నియమాలన్నీ ఒక్క పుటలో సరి. ఆటగాళ్ళందరూ ఎలుగుబంట్లు, తేనె దొంగిలించాలి. ఒక్కో ఎలుగుకు గుణాలు రెండే: ఎలుగుతనం, దొంగతనం. ఈ ఆటలో తెల్లమొహం వేసినా చెల్లుతుంది, ఎలుగుబంటికి అది సహజమే గనుక. పన్నుల విధానం దాకా ఆలోచించి పెట్టిన నిర్వాహకుడికి ఇది నామోషీగా ఉంటుంది. ఉండనీ.

ముఖపరిచయం లేనివాళ్ళు చేరినప్పుడు, ఏయే విషయాలు కథలోకి రాకూడదో ముందే మాట్లాడుకోవాలి. ఆట మధ్యలో మనసుకు కష్టమైతే, కారణం అడగకుండా ఆ ఘట్టాన్ని దాటించేందుకు జాన్ స్టావ్రోపౌలోస్ ‘ఎక్స్ కార్డు’ అనే పద్ధతి పెట్టాడు. ఆన్‌లైన్‌లో చాట్‌లో ఒక ఎక్స్ కొడితే చాలు. ఇది చెప్పి పిలిస్తే, చెప్పకపోతే రానివాళ్ళు కొందరు వస్తారు.

ఆసక్తి ఉన్నవాళ్ళు = అనగా అందరూ; అనగా ఎవరూ కారు.

చెప్పండి = ఎవరికి, ఎలా, ఎప్పటిలోగా అన్నది అధ్యాహార్యం. ఫలితంగా ఆరు బొటనవేళ్ళు, రెండు అగ్నిజ్వాలలు, ఒక డ్రాగన్ బొమ్మ వస్తాయి. మనిషి రాడు. బొటనవేలికి ‘వస్తాను’ అని అర్థం కాదు, ‘మీరు బాగుండాలి’ అని అర్థం. దీన్ని వాగ్దానంగా తీసుకుని కుర్చీలు లెక్కపెట్టుకున్న నిర్వాహకులు చెడిపోయారు.

ఇక్కడ పూర్వపక్షం: ‘ఆసక్తి ఉంటే వాళ్ళే వస్తారు, బొట్టు పెట్టి పిలవాలా?’ అని.

సిద్ధాంతం: పిలవాలి. పెళ్ళికార్డు గుమ్మంలో పడేసి పోతే ఏ పిన్నీ రాదు. ఇంట్లోకొచ్చి బొట్టు పెట్టి, ‘మీరు రాకపోతే మాటల్లేవు’ అంటేనే చీర తీస్తుంది. అదే నియమం ఇక్కడా. గదిలో కేక వేయడం మానేసి, ఒకరికి విడిగా ఇలా రాయాలి: ‘అక్కా, మొన్న హైస్టు సినిమాలో ఆ తాళాలు తీసే ముసలాయన గురించి గంటసేపు మాట్లాడావు కదా. మా కథలో తాళాలు తీసేవాళ్ళు లేక మూడు వారాలుగా తలుపు బయటే నిలబడ్డాం. ఈ ఒక్క ఆదివారం వచ్చి తీసిపెట్టు.’ ఇందులో ఆసక్తి ఉందా అని అడగలేదు. పని ఉందని చెప్పాడు.

తాత్పర్యం

ఓ మిత్రులారా! రాజ్యం సిద్ధంగా ఉంది, రాక్షసుడు సిద్ధంగా ఉన్నాడు, నా గొంతులో అతని గొంతు కూడా సాధన చేసి ఉంచాను. వినేవాళ్ళు చాలడం లేదు. అడగడానికి నామోషీగా ఉండి, అడగనట్టు అడుగుతున్నాను.

పాఠాంతరం

‘నలుగురం ఉన్నాం’ అన్నచోట కొన్ని ప్రతుల్లో ‘మూడువేల ఏళ్ళ కిందట రాక్షసయుద్ధం ముగిసిన పిమ్మట’ అని మొదలై నలభై పుటల పీడీఎఫ్ కనిపిస్తుంది. ఇది కవి తొలిరోజుల రచన. దీన్ని చివరిదాకా చదివిన లేఖకుడు ఒక్కడూ లేడు గనుక పరిష్కర్తలు విడిచిపెట్టారు.

ప్రక్షిప్త విచారం

ఆదివారం రాత్రి 8:40 ప్రాంతంలో ‘సారీ అన్నా, చుట్టాలొచ్చారు, ఇవాళ కుదరదు’ అనే వాక్యం మూలానికి కింద చేరుతుంది. ఇది తరవాతివాళ్ళు అతికించినదని కొందరి వాదం. కాని ప్రతి వారపు ప్రతిలోనూ, అదే స్థలంలో, ఇంచుమించు అవే మాటల్లో కనబడుతోంది గనుక మూలంలోని అయిదో వాక్యంగానే గ్రహించాలి. ఆ పక్షంలో ‘ఒక్కరు తక్కువ’ అన్నచోట ఇద్దరని అన్వయించుకుని, ఇద్దరికీ విడివిడిగా రాయాలి. ఇద్దరూ వచ్చేస్తే ఏం చేయాలన్న సందేహానికి సందర్భం ఇంతవరకు ఏ ప్రతిలోనూ దొరకలేదు.