గొట్టం మావయ్య

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి వీధికీ ఒక గొట్టం మావయ్య ఉంటాడు. వెళ్లకముందు బట్టలారేయడం గురించి ఆయనకి తెలిసింది ఒక్కటే: డాబా, దండెం, ఎండ. వానాకాలమైతే వరండా. మూడో రోజుకీ పంచె ముక్క వాసనేస్తే సముద్రపు గాలిని తిట్టాలి గానీ దండేన్ని అనుమానించకూడదు.

ఆర్నెల్లుందామని కూతురింటికి వెళ్లి, రెండో రోజే పెరట్లో తాడు కడతాడు. కాలనీ సంఘం నుంచి కాగితమొస్తుంది: బట్టలు బయటికి కనబడరాదు. ఇక గత్యంతరం లేదు. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన నూలుతో నేసిన పొందూరు పంచె, డ్రైయరనే వేడి డబ్బాలో పడుతుంది. పంచె బాగానే బయటికొస్తుంది. దాంతో పాటు జల్లెడ నిండా నూగు.

"అల్లుడుగారూ, కొంత నూగు ఇక్కడాగింది, సరే. మిగిలింది ఎటెల్తంది?"

అల్లుడికి తెలీదు. ఇల్లు కొని ఏళ్లవుతున్నా ఆ మిషన్ వెనకనుంచి గాలిని బయటికి పంపే గొట్టం ఎక్కడ తేలుతుందో చూసినవాడు లేడు.

మావయ్య రిటైరైన మాస్టారైతే యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని ఎర్ర పెన్నుతో చదువుతాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసినవాడైతే పుస్తకంతో పనే లేదు. వేడి దగ్గర నార నూగు పేరుకుంటే ఏమవుతుందో సర్వీసంతా చూసినవాడే. ఇద్దరూ చివరికి చేసేది ఒకటే: కూతురు వద్దంటున్నా మిషన్ని ముందుకి లాగుతారు. వెనకాల రాయి కట్టని పొట్లకాయలా మెలికలు తిరిగిన పల్చటి గొట్టం, ప్రతి మెలికలోనూ నూగు!

అక్కణ్నుంచి మావయ్యని పట్టలేం. నాలుగంగుళాల నున్నటి లోహపు గొట్టమే ఉండాలంటాడు. అక్కడి ఇళ్ల నిబంధనల్లో మామూలు పరిమితి 35 అడుగులు. తొంభై డిగ్రీల మలుపు తిరిగినప్పుడల్లా అందులో ఐదడుగులు తగ్గించుకోవాలి. ఈ తీసివేతలు మనవలకి ఎక్కాలతో పాటు వచ్చేస్తాయి. పొద్దున్నే వాకింగుకెళ్లి ఇరుగుపొరుగు గోడల మీద మూతలు చూసొస్తాడు. "ఎవరో పిట్టలు దూరకుండా వల పెట్టారు. నూగంతా దానికే పట్టేసింది!" గొట్టాన్ని అటకలోకి వదిలేసిన ఇల్లు కనబడిందో, ఆ పూట భోజనం సయించదు.

నవ్వుకోండి గానీ, ఆయన మాట కొట్టిపారేయడానికి లేదు. 2008-2010 మధ్య అమెరికా ఇళ్లలో డ్రైయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయని ఆ దేశపు అగ్నిమాపక విభాగం లెక్క. అన్నిటికన్నా పెద్ద కారణం శుభ్రం చేయకపోవడమే. గ్యాసు డ్రైయరైతే గొట్టం మూసుకుపోయిందంటే విషవాయువు ఇంట్లోకే తన్నుకొస్తుంది.

తిరిగొచ్చాక కష్టం మొదలవుతుంది. చెప్పడానికి బోలెడుంది, చూపించడానికి గొట్టం లేదు. పక్కింటి సెమీ ఆటోమేటిక్ మిషన్లో డ్రైయరంటే నీళ్లు విదిలించే తొట్టే. వేడీ లేదు, పొగా లేదు. ఎదురింటివాళ్లు ఆరబెట్టే మిషన్ కొన్నారని తెలిసి ఆశగా వెళ్తాడు. బిగించడానికొచ్చిన కుర్రాడు నెమ్మదిగానే చెప్తాడు: "దీనికి గొట్టం ఉండదండి. ఆవిరి లోపలే సల్లారి నీరైపోద్ది."

"మరి ఆ నీరెటెల్తంది?" అంటూ మావయ్య అప్పటికే పంచె ఎగ్గట్టి మిషన్ వెనక్కి దూరుతున్నాడు.